మాట బరువు, మాట స్వాతంత్ర్యం: ‘పింజారి’ అనే పదం చుట్టూ

జగిత్యాల జిల్లా సారంగాపూర్ పరిసర గ్రామాలలో గానీ, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గానీ వయసు మళ్ళిన వారికి దూదేకులాయన భుజాన విల్లు వేసుకొని వాడలోకి వచ్చిన రోజులు జ్ఞాపకం ఉంటాయి. పెద్ద విల్లుకు బిగించిన నారిని కర్రగుండుతో మీటుతూ ఉంటే, గట్టిపడిన పాత దూది మళ్ళీ నురగవలె పొంగేది. ఆ శబ్దం వినబడగానే ఇంటింటి నుండి పరుపులు, మెత్తలు, బొంతలు బయటికి వచ్చేవి. ఆడపిల్ల పెండ్లి కుదిరిన ఇంట్లో ఆయనకు నాలుగు రోజుల పని దొరికేది. నేడు ఆ పనిని యంత్రాలు చేస్తున్నాయి, స్పాంజి పరుపులు వచ్చాయి, విల్లు అటకెక్కినది. వృత్తి పోయినది గానీ వృత్తి పేరు మాత్రం పోలేదు. అది తిట్టుగా మిగిలినది.

ఆ పేరు ‘పింజారి’. దూదిని విడదీసే పనికి హిందీ, మరాఠీ, ఉర్దూలలో ఉన్న ‘పింజ్’ అనే ధాతువు నుండి పుట్టిన మాట ఇది. దూది ఏకేవాడు అన్నదే దీని అర్థం. తెలుగులో ‘దూదేకుల’ అన్నా అదే అర్థం. ‘లద్దాఫ్’ అనే మరొక పేరు అరబ్బీలోని ‘నద్దాఫ్’ అనే పదానికి నోటిలో నలిగిన రూపం, దాని అర్థమూ దూది ఏకేవాడే. ఒకే పనికి మూడు భాషలలో మూడు పేర్లు. ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితాలో బి గ్రూపు కింద ఈ సముదాయాన్ని ‘దూదేకుల, లద్దాఫ్, పింజారి లేక నూర్‌బాష్’ అని నాలుగు పేర్లతో నమోదు చేసినది. అంటే తహసీలు కార్యాలయం ఇచ్చే పత్రంలో గౌరవంగా ఉన్న మాటనే అదే కార్యాలయం ముందు టీ కొట్టు దగ్గర ఇద్దరు పోట్లాడుకుంటూ ఒకరి ముఖాన ఒకరు విసురుకుంటారు. తెలుగు సినిమాలలో ప్రతినాయకుని నోటా, హాస్యగాని నోటా ఈ మాట ఎన్నిసార్లు వినబడినదో లెక్కలేదు. పనికిమాలినవాడు, నీచుడు, బిచ్చపు బుద్ధి గలవాడు అన్న అర్థంలో అనేవారు అంటారు, వినేవారు నవ్వుతారు. అదే సినిమా హాలులో దూదేకుల ఇంటి పిల్లవాడు కూడా కూర్చొని ఉంటాడన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఆ మాట అన్నవారిని నిలదీస్తే తరచుగా వచ్చే జవాబు ఒకటున్నది: “దానికి అసలు అర్థం దూది ఏకేవాడనే గదా, ఇందులో తప్పేమున్నది?” ఈ జవాబు చెల్లదని భారత సుప్రీంకోర్టు మరొక పదం విషయంలో ఏనాడో చెప్పినది. 2008 నాటి స్వరణ్ సింగ్ కేసులో ఉత్తరాదిలోని ఒక షెడ్యూల్డు కులం పేరు పెట్టి ఒక వ్యక్తిని పిలిచారన్నది ఫిర్యాదు. ఆ పేరుకు మూలార్థం చర్మకారుడు. పదం ఎక్కడ పుట్టినదన్నది కాక, నేడు జనం దానిని ఏ అర్థంలో వాడుతున్నారన్నదే చూడవలసి ఉంటుందని, అవమానించే ఉద్దేశంతో అంటే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమే అవుతుందని న్యాయస్థానం తేల్చినది. 2011లో తమిళనాడుకు చెందిన కేసులోనూ ఇదే ధోరణి కనబడుతుంది. పదానికి నిఘంటువులో ఒక పుట్టుక, బజారులో మరొక జీవితం ఉంటాయి. దెబ్బ తగిలేది బజారు జీవితం వల్లనే.

ఇక్కడ ముస్లిమ్ పాఠకులకు ఆశ్చర్యం కలిగించవలసిన సంగతి ఒకటి ఉన్నది. దూది ఏకే పనికి అరబ్బీలో ‘నద్దాఫ్’ గాక మరో మాట ‘హల్లాజ్’. హిజ్రీ 309లో, అనగా క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని మాట అదే. ఆయన సిద్ధాంతాలపై ఉలమాలలో తీవ్రమైన భేదాభిప్రాయాలున్నాయి గానీ, ఆయన పేరు చూసి ఎవరూ ముక్కు విరవలేదు. హనఫీ న్యాయశాస్త్ర గ్రంథాలు తెరిస్తే పుట పుటకూ వృత్తి పేర్లే ఎదురవుతాయి. చెప్పులు కుట్టేవాడన్న అర్థం గల పేరుతో ఇమామ్ ఖస్సాఫ్, గచ్చు పనివాడన్న అర్థంతో ఇమామ్ జస్సాస్, కుండలకు సంబంధించిన పేరుతో ఇమామ్ ఖుదూరీ, మిఠాయిలకు సంబంధించిన పేరుతో షమ్సుల్ అయిమ్మా హల్వానీ కనబడతారు. సూఫీలలో హమ్‌దూన్ ఖస్సార్ ఉన్నారు, ‘ఖస్సార్’ అంటే బట్టలు ఉతికి తెల్లబరిచేవాడు. ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మ) స్వయంగా పట్టు వస్త్రాల వర్తకులు. ఆ రోజులలో వృత్తి పేరు మనిషి గుర్తు, దానిని దాచుకోవలసిన అవసరం పండితునికి కలుగలేదు. బాగ్దాదులో గ్రంథం అట్ట మీద గౌరవంగా నిలిచిన ‘హల్లాజ్’, తెలుగునాట ‘పింజారి’గా బూతు స్థాయికి దిగజారడానికి కారణం పదంలో లేదు, చేతిపనిని తక్కువగా చూసే సామాజిక వ్యవస్థలో ఉన్నది.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయాన్ని నేరుగా స్పృశించినది. 49వ సూరా అయిన హుజురాత్‌లోని 11వ ఆయత్ ఒక వర్గం మరొక వర్గాన్ని ఎగతాళి చేయరాదని, పరస్పరం ఎత్తిపొడుచుకోరాదని, చెడ్డ పేర్లు పెట్టి పిలుచుకోరాదని ఆదేశిస్తున్నది. పురుషులను ఉద్దేశించి చెప్పిన తరువాత స్త్రీలను గురించి ప్రత్యేకంగా చెప్పడం గమనించదగినది. ఈ ఆయత్ అవతరణకు సందర్భంగా అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉల్లేఖనం ఉన్నది. మదీనాలోని బనూ సలమా తెగలో ఒక్కొక్కరికి రెండేసి, మూడేసి పేర్లు ఉండేవి. దైవప్రవక్త (స) ఒక పేరుతో పిలువగా, ఆ పేరంటే అతనికి కోపమని పక్కనున్నవారు విన్నవించేవారు. అంటే పేరు మంచిదా చెడ్డదా అని నిర్ణయించే హక్కు పిలిచేవానికి గాక, పిలువబడేవానికి ఇవ్వబడినదన్న మాట.

అయితే దీనిని గుడ్డిగా పట్టుకొనే ప్రమాదాన్ని కూడా మన పండితులు గుర్తించారు. హదీసు ఉల్లేఖకులలో సులైమాన్ అనే మహనీయుడు ‘అఅమష్’ అన్న పేరుతోనే ప్రసిద్ధుడు. చూపు మందగించి కళ్ళు నీరు కారేవాడని దాని అర్థం. అబ్దుర్రహ్మాన్ బిన్ హుర్ముజ్ ‘అఅరజ్’, అనగా కుంటివాడు. ఈ మాటలు వ్రాయకుండా హదీసుల సనదు వ్రాయడం సాధ్యం కాదు. అందుచేత ఇమామ్ నవవీ (రహ్మ) పరోక్షనింద అనుమతింపబడే సందర్భాలను ఆరుగా చెబుతూ, గుర్తింపు కోసం ప్రసిద్ధమైన పేరును వాడడం వాటిలో ఒకటిగా చేర్చారు. తగ్గించే ఉద్దేశం ఉంటే మాత్రం అది నిషిద్ధమని, వేరే విధంగా గుర్తుపట్టే వీలుంటే అదే మేలని కూడా చెప్పారు. పదం ఒకటే, ఉద్దేశాన్ని బట్టి తీర్పు మారుతుంది. స్వరణ్ సింగ్ కేసులో న్యాయమూర్తులు వెదికినదీ ఉద్దేశాన్నే.

పదంలో దోషం లేకపోయినా దాని వాడుకను మార్చిన ఉదాహరణ సూరా బఖరా 104వ ఆయత్‌లో ఉన్నది. మదీనాలో కొందరు ‘రాయినా’ అనే మామూలు మాటను నాలుక మెలిపెట్టి అవమానం స్ఫురించేటట్లు పలికేవారు. విశ్వాసులు ఆ మాట మాని, అదే అర్థం గల ‘ఉన్‌జుర్నా’ అనాలని ఆజ్ఞ వచ్చినది. తప్పు చేసినవారు వేరు, మాట మార్చుకోమని చెప్పబడినవారు వేరు. ఇది ఆలోచించవలసిన ఏర్పాటు.

అన్నిటికన్నా కఠినమైనది హజ్రత్ అబూజర్ (రజి) ఉదంతం. ఆయన ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి దెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని వ్యాఖ్యాతలు చెబుతారు. ప్రవక్త (స) అబూజర్ వంటి సహాబీని పట్టుకొని, నీలో ఇంకా అజ్ఞాన కాలపు గుణం మిగిలి ఉన్నదన్న భావంతో మందలించారు. జాత్యహంకారపు మాట ఎంతటి విశ్వాసి నోటి నుండి వచ్చినా జాహిలియ్యతే.

ఈ ఉదంతాన్ని మన సముదాయం ఇతరులకు వినిపించినంతగా తనకు తాను వినిపించుకోలేదు. దూదేకుల వారిని ఎగతాళి చేసేది ఇతరులేనా? ఉర్దూ రాదని, తెలుగులో దుఆ చేస్తారని, పేర్లలో తెలుగుతనం ఉన్నదని వారిని సగం ముస్లిమ్‌లుగా చూసేవారు మన మధ్యనే ఉన్నారు. సంబంధాలు మాట్లాడే వేళ ‘వాళ్ళు లద్దాఫులట’ అని గొంతు తగ్గించి చెప్పేవారు మసీదు మొదటి వరుసలోనే కనబడతారు. ‘అష్రాఫ్’, ‘అజ్లాఫ్’ అన్న విభజన ఈ దేశపు ముస్లిమ్ సమాజం తనకు తానే కట్టుకున్న గోడ. కొందరు దీనికి ఫిఖా గ్రంథాలలోని ‘కఫాఅత్’ అధ్యాయాన్ని ఆధారంగా చూపుతారు. పెండ్లిలో సమానతకు వృత్తిని కూడా లెక్కలోకి తీసుకున్న ఫఖీహ్‌లు ఆనాటి లోకాచారాన్ని బట్టి అలా చెప్పారు. నేతపనివారిని, రక్తం తీసేవారిని సమానులలో నుండి తీసివేసే హదీసుగా ప్రచారంలో ఉన్న దానిని అబూ హాతిమ్ రాజీ వంటి హదీసు విమర్శకులు తిరస్కరించారు. ఆధారం లేని మాట మీద ఇన్ని తరాల అహంకారం నిలబడినది! బయటివారిని సంస్కరించబోయే ముందు ఈ లెక్క తేల్చుకోవలసి ఉన్నది.

ఇక ‘తురక’ అన్న మాట సంగతి. ఇది మొదట ఒక జాతి పేరు, సంస్కృత శాసనాలలో ‘తురుష్క’. కాకతీయ రాజ్య పతనానంతరం సుమారు 1330 ప్రాంతంలో వెలువడిన ప్రోలయ నాయకుని విలస తామ్ర శాసనం ఆ పాలకులను కఠినంగా నిందించినది. అదే శతాబ్దిలో విజయనగర ప్రభువులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు ధరించారు, ‘సురత్రాణ’ అంటే సుల్తానే. నిందా అనుకరణా ఒకే కాలంలో జరిగాయి. తెలంగాణ పల్లెలలో ఉర్దూను నేటికీ ‘తురకం’ అంటారు, అందులో ద్వేషం లేదు. ఈ ప్రాంతపు మాటలో గౌరవమంతా ప్రత్యయంలో ఉంటుంది. ‘తురకాయన వచ్చిండు’ అంటే పెద్దమనిషి వచ్చినట్లు. ‘తురకోడు’ అంటే అదే మనిషిని గడప అవతల నిలబెట్టినట్లు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లిమ్‌లలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టంలో ‘తురక చాకల’, ‘తురక కాశ’, ‘అత్తర్ సాయిబులు’ వంటి పేర్లు యథాతథంగా ఉన్నాయి. ఆ పేర్లు తీసివేస్తే విసురురాళ్ళకు కక్కు కొట్టి బ్రతికినవారి పిల్లవానికి సీటు రాదు.

‘రజాకార్’ అన్నది మరొక రకం. స్వచ్ఛంద సేవకుడన్నది దాని అర్థం. 1947-48లో ఖాసిం రజ్వీ అనుచరులు తెలంగాణ పల్లెలలో చేసిన పనుల వల్ల అది భయానికి పేరైనది. ఆ భయం కల్పితం కాదు, దానిని అనుభవించిన కుటుంబాలున్నాయి. ఆనాడు పుట్టని ముస్లిమ్ యువకుని నేడు ఆ పేరుతో పిలవడం మాత్రం చరిత్ర చెప్పడం కాదు. 1971 తరువాత బంగ్లాదేశ్‌లోనూ ఆ పదం ద్రోహికి పర్యాయపదమైనది. 2024 జూలైలో నాటి ప్రధాని నోట ఆ మాట రాగా, విద్యార్థులు దానినే నినాదంగా ఎత్తుకున్నారు.

చట్టం ఏమి చేయగలదు? కులదూషణకు 1989 చట్టం ఉన్నది గానీ అది షెడ్యూల్డు కులాలకూ తెగలకూ వర్తించేది, దూదేకుల వారు ఆ జాబితాలో లేరు. మతభావాలను బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడాన్ని శిక్షించే 295-ఎ సెక్షన్ 1927లో వచ్చినది. లాహోరులో ప్రవక్త (స) ను కించపరిచిన పుస్తకం ప్రచురణకర్తను హైకోర్టు విడుదల చేయగా, ముస్లిమ్‌ల ఆందోళన ఫలితంగా ఏర్పడిన సెక్షన్ అది. నేడు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్‌గా ఉన్నది. అది మతాన్ని కాపాడుతుంది గానీ వృత్తిపేరును కాపాడదు. 2025 ఫిబ్రవరిలో జార్ఖండ్‌కు చెందిన ఒక కేసులో ఉర్దూ అనువాదకునిగా పనిచేస్తున్న ఉద్యోగిని ‘మియాఁ-తియాఁ’, ‘పాకిస్తానీ’ అని అన్నారన్నది ఆరోపణ. ఆ మాటలు సభ్యత లేనివే గానీ, మతభావాలను గాయపరచిన నేరం కిందికి రావని సుప్రీంకోర్టు అభిప్రాయపడినది. చాలామంది ముస్లిమ్‌లకు ఈ తీర్పు కష్టంగా తోచినది. అయినా సభ్యత లేని ప్రతి మాటకూ పోలీసు స్టేషన్ మెట్లెక్కే దేశంలో మొదట నష్టపోయేది ఎవరన్న ప్రశ్న ఉండనే ఉన్నది. మరుసటి నెలలోనే ముస్లిమ్ కవి, పార్లమెంటు సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీపై ఒక కవిత కారణంగా గుజరాత్‌లో పెట్టిన కేసును అదే న్యాయస్థానం కొట్టివేసినది. మాట ప్రభావాన్ని దృఢచిత్తుల కొలతతో చూడాలి గానీ, ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని చూసే బలహీనుల కొలతతో కాదని చెప్పినది. ఈ రెండు తీర్పులనూ విడదీసి ఒకటి కావాలి, రెండవది వద్దు అనడం కుదరదు.

ఈ జిల్లాకే ఈ వివాదం ఒకసారి నడిచి వచ్చినది. ఆచార్య కంచ ఐలయ్య ఆంగ్ల గ్రంథంలోని ఒక అధ్యాయం 2017లో తెలుగులో చిన్న పుస్తకంగా వెలువడినది. దాని శీర్షికలో వైశ్యులకు ఇష్టంలేని కులనామంతో బాటు ‘స్మగ్లర్లు’ అన్న మాట ఉన్నది. ఆర్యవైశ్యులు రాష్ట్రమంతటా నిరసన తెలిపారు. సెప్టెంబరులో పరకాలలో ఆయన కారుపై దాడి జరిగినది, నవంబరులో కోరుట్ల కోర్టుకు వచ్చినప్పుడూ గొడవ అయినది. ఈ రెంటికీ నడుమ, అక్టోబరు 13న, పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చినది. ఒక వర్గాన్నంతటినీ నేరస్థుల పేరుతో పిలవడం న్యాయమా అన్న ప్రశ్న వైశ్యులు వేయదగినదే, హుజురాత్ ఆయత్ వారికీ రక్షణే. కాని రాళ్ళు, చెప్పులు ఆ ప్రశ్నకు బలం చేకూర్చలేదు. పుస్తకంలోని ఆర్థిక వాదనకు జవాబు చెప్పవలసిన చోట శీర్షిక మీది రచ్చే మిగిలినది.

బాధితుని మాటకు ఖుర్ఆన్ ప్రత్యేక స్థానం ఇచ్చినది. చెడ్డమాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం కాదని చెబుతూనే, అన్యాయానికి గురైనవానిని సూరా నిసా 148వ ఆయత్ మినహాయించినది. ఈ మినహాయింపు విలువ ఈ ప్రాంతం వారికి విడమరచి చెప్పనవసరం లేదు. దొరల ముందు ‘నీ బాంచెన్’ అనడం తప్ప మరోమాట ఎరుగని కూలీలు 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో ఎదురు మాట్లాడడం మొదలుపెట్టారు. వెట్టిని, దొరతనాన్ని ప్రశ్నించిన ఆ ఉద్యమం ఎంత కలవరం పుట్టించినదంటే, ఆ అక్టోబరులో ప్రభుత్వం రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినది. దొర కూలీని ‘ఒరే’ అనడం, కూలీ తిరిగి ‘ఏం దొరా’ అని గొంతు పెంచడం రెండూ అమర్యాదలే అని ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

సాహిత్యానికీ ఇదే వర్తిస్తుంది. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లోను, స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ 1998లోను వెలువడిన తరువాత తెలుగు ముస్లిమ్ కవులు తమపై పడిన ముద్రలను తామే ఎత్తిచూపసాగారు. తిట్టును కాగితం మీదికి ఎక్కించకుండా తిట్టు తిన్నవాని కథ వ్రాయడం ఎలా? 1994లో మొదలైన దండోరా ఉద్యమం మరింత ముందుకు పోయి, తిట్టుగా వాడిన కులనామాన్నే పేరు చివర తగిలించుకొని ‘మాదిగ’ అని నిలబడినది. దూదేకుల వారిలో ‘పింజారి’ని అలా ఎత్తుకొన్న ఉద్యమం రాలేదు. వారు ఎక్కువగా ‘నూర్‌బాషా’ అన్న పేరువైపు మొగ్గారు. ఇది నేతగానికి పారసీలో ఉన్న ‘నూర్‌బాఫ్’ నుండి వచ్చినదని కొందరి అభిప్రాయం. 1995లో ‘పిచ్చిగుంట్ల’ అన్న పేరును ప్రభుత్వం ‘వంశరాజ్’గా మార్చినది, మంగలి ‘నాయీ బ్రాహ్మణ’ అయినారు, చాకలి ‘రజక’ అయినారు. పేరు మారితే చూపు మారుతుందా అన్న సందేహం సహేతుకమే, చూపు మారకపోతే కొత్త పేరుకూ కొన్నేళ్ళలో అదే మురికి అంటుతుంది.

కనుక ‘పింజారి’ పదాన్ని నిఘంటువుల నుండి, జాబితాల నుండి, కథల నుండి తొలగించాలని కోరడంలో అర్థం లేదు. పాత కులపత్రాలపై ఆ మాట ఉన్నంతకాలం తొలగింపు వల్ల నష్టపోయేది దూదేకుల పిల్లలే. కోరవలసినది మరొకటి. సినిమా సంభాషణ వ్రాసేవారు, వేదికలెక్కే నాయకులు నవ్వు కోసం ఆ మాట వాడినప్పుడు ఉత్తరం వ్రాసి, ముఖాముఖి కలిసి, అది ఫలానావారి పేరని చెప్పడం. 2019లో వాల్మీకి, బోయ వర్గాల అభ్యంతరంపై ఒక తెలుగు చిత్రం ‘వాల్మీకి’ అన్న పేరును విడుదలకు ముందు రోజు ‘గద్దలకొండ గణేష్’గా మార్చుకొన్నది, పేరు మారినా చిత్రం ఆగలేదు. ఇక మదరసాలలో, జుమా ప్రసంగాలలో హల్లాజ్, నద్దాఫ్, లద్దాఫ్, పింజారి అన్నవి ఒకే చేతిపనికి పేర్లని పిల్లలకు చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఏ సెక్షనూ అక్కరలేదు. నికాహ్ మాటల్లో గొంతు తగ్గించి పలికే ఆ పేరును మామూలు గొంతుతో పలికే పని కూడా అక్కడి నుండే మొదలు కావలసి ఉన్నది.